కోనసీమలో 13 ఏళ్ల స్విఫ్ట్: ముందే మార్చాల్సినవి, ముట్టుకోకుండా వదిలేయాల్సినవి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బండి 2012 మోడల్ స్విఫ్ట్ డీజిల్, తిరిగింది లక్షా 38 వేలు. అమలాపురం దగ్గర ఊళ్లో నాన్నగారి దగ్గర ఉంటుంది, మీరు హైదరాబాద్‌లో. నాన్నగారు నెలకు రెండు మూడుసార్లు అమ్మగారిని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్తారు, మిగతా రోజులు బండి పాకలోనే. సంక్రాంతికి మీరు పిల్లలతో ఆ బండి మీదే హైదరాబాద్ వెళ్లి రావాలి. ఒక మెకానిక్ "బాగానే ఉంది కదండీ, పోయినప్పుడు చూద్దాం" అన్నారు. ఇంకో చోట లక్షా ఇరవై వేలకు లిస్టు రాసిచ్చారు, అందులో టైమింగ్ బెల్ట్ కూడా ఉంది. మీ చేతిలో యాభై వేలున్నాయి. ఏది ముందే మార్చాలి అని అడిగారు.

నేను పాలకొల్లు వైపు 26 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. అంతకు ముందు బస్సుల డిపోలో అప్రెంటిస్ చేశాను. చేతికి పని నేర్పింది షెడ్డే కానీ, ఆలోచన నేర్పింది డిపో. అక్కడ బస్సు ఆగిపోయాక పిట్ మీదికి (కింద నిలబడి పని చేసే గొయ్యి మీదికి) రాదు. ఇన్ని కిలోమీటర్లు తిరిగిందంటే వచ్చి తీరాలి, బాగా నడుస్తున్నా విప్పి చూస్తారు. మన కాలువలూ అంతే కదండీ. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, లాకుల షట్టర్లకు మరమ్మతులు చేసి, తొలకరికి నీళ్లు వదులుతారు. ఆ పని సరిగ్గా జరగని ఏడు శివారు భూముల రైతు ఎంత అవస్థ పడతాడో మీ నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు. నాట్లు పడ్డాక షట్టర్ విరిగితే ఎవరేం చేయగలరు?

అలాగని మీకిచ్చిన లిస్టులో ఉన్నవన్నీ మార్చేయమని నేను చెప్పను. పాత బండిలో ఏ పార్టు దగ్గరైనా నేను వేసుకునే ప్రశ్నలు రెండే. ఇది చెప్పి పోతుందా, చెప్పకుండా పోతుందా? పోయేటప్పుడు దాంతోపాటు ఇంకేం పట్టుకుపోతుంది? చెప్పకుండా పోయేది, మనిషినో ఇంజన్‌నో పట్టుకుపోయేది బాగా ఉన్నప్పుడే మార్చాలి. చెప్పి పోయేది, పోయినా తనొక్కటే పోయేది, ఎంత పాతదైనా దాని మానాన దాన్ని వదిలేయాలి. మీ డబ్బు ఎక్కడికి వెళ్లాలో ఈ రెండు ప్రశ్నలే తేలుస్తాయి.

లెక్క మొదలుపెట్టే ముందు ఒక మాట. లక్షా 38 వేలు అన్న అంకెను కాస్త పక్కన పెట్టండి. ఇనుము కిలోమీటర్ల మీద అరుగుతుంది, రబ్బరు మాత్రం ఏళ్ల మీద చచ్చిపోతుంది. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీ కంటే నెలకు మూడుసార్లు బయటికొచ్చే మీ బండికే కొన్ని విషయాల్లో ఎక్కువ ఇబ్బంది. బ్యాటరీ నిండదు. బ్రేక్ డ్రమ్ములు పట్టేస్తాయి. హోస్ పైపులు బయటికి నిగనిగలాడుతూ లోపల పగుళ్లు పడతాయి. దానికి తోడు మన గాలి. అల్లవరం, ఉప్పలగుప్తం, సఖినేటిపల్లి వైపు బండ్లను లిఫ్ట్ ఎక్కిస్తే అడుగు చూడగానే అవి ఎటునుంచి వచ్చాయో నాకు అర్థమవుతుంది. ఉప్పు గాలి, చెరువుల నీరు కలిసిన మట్టి. రాజమండ్రి ఊళ్లోనే తిరిగే అదే వయసు బండికి అంత తుప్పు ఉండదు.

ఇక ముందుగా కూలింగ్ సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన ప్రాంతంలో పాత ఇంజన్లను చంపేది ఎక్కువగా ఇదే.

మీ నాన్నగారిని అడగండి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే ఏం పోస్తున్నారని. చాలామంది ఇంటి బోరు నీళ్లే పోస్తారు. తీరం దగ్గర మన బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో గారలా పేరుకుంటుంది. ఇంజన్ హెడ్డు, అంటే ఇంజన్ పై భాగం, అల్యూమినియం. దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. బయటికి ఏమీ కనపడదు. బండి ఊళ్లో తిరిగినన్నాళ్లూ బాగానే ఉంటుంది. హైవే మీద ఏసీ వేసి, నలుగురు కూర్చుని, సామాను పెట్టుకుని రెండు గంటలు తోలితే అప్పుడు హీట్ ఎక్కుతుంది. ఎక్కిందంటే హెడ్డు కింద ఉండే సీలు, హెడ్ గ్యాస్‌కెట్, పోతుంది, ఒక్కోసారి హెడ్డే వంకరపోతుంది. కొన్ని వందల రూపాయల పైపు వేల రూపాయల ఇంజన్ పనిని నెత్తిన పెడుతుంది.

కాబట్టి పాత కూలెంట్ మొత్తం తీయించండి. తుప్పు రంగులో ఉంటే మంచి నీళ్లతో రెండు మూడుసార్లు ఫ్లష్ చేయించండి. మీ బండి మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంటే పోయించండి. కలిపి అమ్మేది అయితే నేరుగా పోసేయొచ్చు, చిక్కటిది అయితే బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. రంగు చూసి ఒకదాంట్లో ఇంకోటి కలపకండి, రంగు ఒకటైనంత మాత్రాన లోపలి రసాయనం ఒకటి కాదు. దారి మధ్యలో తప్పనిసరైతే దొరికిన మంచి నీళ్లు పోసుకోండి, తప్పు లేదు. కానీ ఇంటికి రాగానే మార్పించేయాలి.

అదే రోజు పై హోసు, కింది హోసు, హీటర్ హోసులు, వాటి క్లిప్పులు కొత్తవి వేయించండి. పాతవి ఎలా ఉన్నాయో చూడాలంటే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు క్లిప్పు దగ్గర వేళ్లతో నొక్కండి. మెత్తగా ఉబ్బినట్టున్నా, గట్టిపడి కరకరమన్నా దాని పని అయిపోయినట్టే. పదమూడేళ్ల హోసు మాత్రం ఎలా ఉన్నా మార్చేస్తాను, అది ఏ రోజు పగిలేదీ చెప్పదు.

రేడియేటర్ మూత గురించి ఎవరూ మాట్లాడరు. కొన్ని బండ్లలో ప్రెషర్ మూత కూలెంట్ డబ్బా మీద ఉంటుంది. అందులో ఒక స్ప్రింగు, ఒక రబ్బరు వాషరు, అంతే. కానీ అదే లోపల ఒత్తిడి నిలబెడుతుంది. మామూలుగా నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది కదా, ఒక బార్ ఒత్తిడి అదనంగా ఉంటే దాదాపు 120 డిగ్రీల దాకా మరగదు. స్ప్రింగు బలహీనపడితే ఆ ఇరవై డిగ్రీల రక్షణ పోతుంది. కొత్త మూత వేయించండి. బండి మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద ప్రమాదం తప్పించేది ఇంకోటి నాకు తెలియదు.

థర్మోస్టాట్ కూడా. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు అది. దీని గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. మన వైపు చాలా షెడ్లలో "మన ఎండలకు ఇది ఎందుకండీ" అని దాన్ని పీకేసి ఖాళీగా బిగిస్తారు. నేను కూడా మొదటి రోజుల్లో చూసి నేర్చుకుని అలాగే చేశాను, అది తప్పు. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ ఉండాల్సిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, అరుగుదల పెరుగుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. మీ బండిలో అసలు ఉందో లేదో ముందు చూడమనండి. ఉంటే కొత్తది వేయించండి, లేకపోతే తప్పకుండా వేయించండి. అది మూసుకుపోయి ఇరుక్కుంటే నిమిషాల్లో హీట్ ఎక్కిస్తుంది, కనుక అది కూడా చెప్పకుండా పోయే జాతే.

ఫ్యాన్ మోటారు, దాని రిలే పరీక్ష చేయించండి. బండి పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్ పనిచేయకపోయినా తెలియదు. పండగ రద్దీలో పంతంగి టోల్ దగ్గర లైనులో బండి ఇంచు ఇంచు కదిలేటప్పుడు తెలుస్తుంది. ఇంటి దగ్గరే ఏసీ వేసి, బండి నిలబెట్టి, ఇరవై నిమిషాలు ఇంజన్ ఆన్‌లో ఉంచి ఫ్యాన్ తిరుగుతోందో లేదో, ముల్లు మధ్యలో నిలబడిందో లేదో చూడండి. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు టైమింగ్ బెల్ట్. ఇంజన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకదాన్నొకటి కొట్టుకోకుండా లయలో తిప్పేది అది. మీ బండికి టైమింగ్ బెల్ట్ లేదు. 1.3 లీటర్ల ఆ డీజిల్ ఇంజన్‌కు ఉండేది చైను. లిస్టు రాసినవారు తెలియక రాశారో, అన్ని బండ్లకూ ఒకే లిస్టు ఇస్తారో నేను చెప్పలేను కానీ, ఆ ఒక్క లైను చూస్తే మిగతా లిస్టు కూడా మీ బండిని విప్పి చూసి రాసినది కాదని నాకు అనిపిస్తోంది.

చైనుకు ఇన్ని కిలోమీటర్లకు మార్చాలన్న గడువు పెట్టక్కర్లేదు, అది చెప్పి పోతుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే ముందువైపు నుంచి గలగలమని గొలుసు శబ్దం వచ్చి తగ్గిపోతోందంటే చైను సాగిందనో, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ బలహీనపడిందనో అనుమానించాలి. ఆ టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. అందుకే ఈ ఇంజన్‌లో చైను ఆయుష్షు ఆయిల్ మార్పు మీద ఉంటుంది. మీ బండి ఏడాదికి ఐదారు వేలే తిరుగుతున్నా, ఏడాదికోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాల్సిందే. "పదివేలు తిరగలేదు కదా" అని రెండేళ్లు ఉంచకండి.

ఇది చదివే మిగతావారి కోసం: ఇండికా డీజిల్, సాంత్రో జింగ్, మారుతి 800, పాత ఇన్నోవా 2.5 డీజిల్, వీటికి బెల్టే. బెల్ట్ చెప్పకుండా పోయేవాటిలో మొదటిది. 2009 వానాకాలంలో రాజోలు వైపు నుంచి ఒకాయన ఇండికా తెచ్చారు. బెల్ట్ గడువు దాటింది. కవరు విప్పి చూశాను, పైకి పగుళ్లు లేవు. "ఇంకో పదివేలు నడుస్తుందండీ, పంట డబ్బులు వచ్చాక వేయిద్దాం" అన్నాను. ఆయనకు ఖర్చు తగ్గించాననుకున్నాను. మూడు వారాలకు రాత్రి పదకొండుకి తాడేపల్లిగూడెం దాటాక హైవే మీద తెగింది. పిస్టన్లు వెళ్లి వాల్వులను కొట్టాయి. హెడ్డు పని మొత్తం చేయాల్సి వచ్చింది, వానలో ఆ కుటుంబం రోడ్డు పక్కన రెండు గంటలు నిలబడింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కూలి నేను తీసుకోలేదు, అయినా ఆ రాత్రిని ఆయనకు తిరిగి ఇవ్వలేను కదా. అప్పటినుంచి బెల్ట్ ఎలా కనిపించినా గడువు దాటితే బండి ఇవ్వను. బెల్ట్ ఒక్కటే కూడా మార్చను. టెన్షనర్, బెల్ట్‌ను దారిలో నడిపే ఐడ్లర్ బేరింగులు కొత్తవి పడాలి, అదే బెల్ట్ మీద తిరిగేదైతే వాటర్ పంపూ పడాలి. వాటిలో ఏది పట్టేసినా కొత్త బెల్ట్ కూడా తెగుతుంది, కూలి రెండుసార్లు పడుతుంది. ఏ పనికైనా ఇది వర్తిస్తుంది: ఒక చోటికి చేరడానికి సగం ఇంజన్ విప్పాల్సి వస్తే, ఆ చోట ఉన్న చవక రబ్బర్లు, సీళ్లు అప్పుడే మార్చేయండి.

మీ బండికి బయట ఉండే ఫ్యాన్ బెల్ట్ మాత్రం మార్పించండి. ఇప్పుడు ఫ్యాన్ కరెంటు మీద తిరుగుతున్నా మనం ఇంకా ఫ్యాన్ బెల్ట్ అనే అంటున్నాం. డైనమో దీనిమీదే తిరుగుతుంది, చాలా బండ్లలో వాటర్ పంపు కూడా. లోపలి గాళ్లలో అడ్డంగా పగుళ్లు కనిపిస్తే ఆగక్కర్లేదు. కనిపించకపోయినా ఎప్పుడు వేసిందో ఎవరికీ గుర్తులేని బెల్ట్ అంటే కొత్తది వేయాల్సిన బెల్ట్ అనే లెక్క. తీసిన పాతది బాగుంటే పారేయకండి, దారిలో అవసరపడితే వాడుకునేలా డిక్కీలో పెట్టుకోండి. దాంతోపాటు వాటర్ పంపు దగ్గర తెల్లగానో ఆకుపచ్చగానో చార ఎండి ఉందేమో చూడమనండి. ఉంటే పంపు సీలు కారుతున్నట్టు, అది కూడా ఇప్పుడే.

ఇక మనిషిని పట్టుకుపోయేవి. తాడెక్కే వాళ్లు మోకు తెగేదాకా వాడతారా? బ్రేకులు, టైర్లు, ముందు చక్రాలను పట్టి ఉంచే బాల్ జాయింట్లు, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌లు అలాంటివి. వీటి దగ్గర ఇంకొన్నాళ్లు చూద్దాం అన్న మాటే ఉండకూడదు.

బ్రేక్ ఆయిల్ గురించి చాలామందికి తెలియనిది చెబుతాను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన గాలిలో తేమకు కొదవేముంది? డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ బాగా పట్టాక అది 155 డిగ్రీలకు దిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. ఊళ్లో మీకు తేడా తెలియదు. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు వరసగా బ్రేకులు వేస్తే ఆయిల్‌లోని తేమ ఆవిరై, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అలా పోయిన బండ్లు నా దగ్గరికి వచ్చాయి, తోలినవాళ్ల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది పోయాలి. డబ్బా మీద తగ్గినంత పైనుంచి నింపడం మార్చినట్టు కాదు, నాలుగు చక్రాల దగ్గరా పాతది బయటికి రావాలి. ఆ పనిలోనే వెనక డ్రమ్ములు విప్పి, వీల్ సిలిండర్ల రబ్బరు మడతలు ఎత్తి తడి ఉందేమో చూడమనండి. అడుగున వెళ్లే ఇనప బ్రేక్ పైపుల్ని కూడా చేత్తో తడిమి చూడాలి. పొరలు పొరలుగా తుప్పు రాలుతుంటే మార్చాలి. ఉప్పు గాలి ఊళ్ల బండ్లకు ఇది నేను ప్రత్యేకంగా చూస్తాను.

టైరు పక్కన అండాకారంలో నాలుగంకెలు ఉంటాయి. 3419 అని ఉంటే 2019లో 34వ వారం తయారైందని. మీ నాలుగు టైర్లూ, స్టెప్నీ కూడా చదివి చూడండి. టైరు మీద గాట్ల లోతు ఎంత ఉన్నా, ఆరేళ్లు దాటిన టైరుతో పిల్లల్ని ఎక్కించుకుని జనవరి ఎండలోనైనా సరే నాలుగు వందల కిలోమీటర్ల పైన తోలమని నేను చెప్పను. టైర్లు మార్చాల్సి వస్తే మీ యాభై వేలలో పెద్ద ముక్క వాటికే పోతుంది, పోనివ్వండి.

బాల్ జాయింట్ రబ్బరు చినిగితే లోపలికి నీళ్లు, ఇసుక చేరతాయి. కాలువ గట్టు రోడ్ల గోతుల్లో అది తొందరగా వదులవుతుంది. పూర్తిగా ఊడితే చక్రం పక్కకు మడత పడుతుంది. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి, టై రాడ్ కోసం అటూ ఇటూ పట్టుకుని ఊపాలి. కొంచెం ఆట ఉన్నా మార్చేయడమే. ముందు చక్రాల యాక్సిల్ రబ్బరు బూట్లు కూడా ఆ సమయంలోనే చూడండి, చినిగిన బూటును వెంటనే మారిస్తే యాక్సిల్ మిగులుతుంది. మిగతా బుష్‌లు, లింక్ రాడ్‌లు, ఇంజన్ మౌంటింగులు టకటకమంటూ ఎన్నో నెలల ముందే చెబుతాయి. వాటికి తొందర లేదు, సంక్రాంతి అయ్యాక తీరిగ్గా చేయించుకోవచ్చు.

బ్యాటరీ మన వేడికి మూడు నాలుగేళ్లు. ఇంజన్ ఆపి కొన్ని గంటలయ్యాక మీటరు 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. నాలుగేళ్లు దాటితే మార్చేయండి, నాన్నగారు ఆసుపత్రి బయట సెల్ఫ్ కొట్టక ఇబ్బంది పడకూడదు. దీనికంటే ముందు ఇంకో పని ఉంది. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైర్లు విప్పి, ఉప్పురిసిన చోట గరుకు కాగితంతో రుద్ది, గ్రీజు రాసి మళ్లీ బిగించాలి. డైనమో పోయిందని, సెల్ఫ్ పోయిందని, సెన్సర్ పోయిందని మన వైపు తిరిగే బండ్లలో చాలావాటికి అసలు జబ్బు ఈ ఎర్త్‌లే. రొయ్యల ఐసు పెట్టెలు మోసిన బండ్లకైతే మరీను. మీ నాన్నగారు ఎప్పుడైనా చెరువు పనికి బండి వాడి ఉంటే డిక్కీ కార్పెట్ ఎత్తి చూడండి.

డీజిల్ ఫిల్టర్ కొత్తది వేయించండి, కింది స్క్రూ వదులు చేసి నీళ్లు వదలడం నాన్నగారికి చూపించమనండి. బండి ఎక్కువ నిలబడి ఉంటుంది కనుక ట్యాంకు సగానికి తగ్గకుండా ఉంచితే లోపల తేమ తక్కువ చేరుతుంది. నీళ్లు ఇంజెక్టర్ల దాకా వెళ్తే ఆ ఖర్చు మనం తట్టుకునేది కాదు.

మీ లిస్టులో ఉన్న టర్బో, ఇంజెక్టర్లు, ఏసీ కంప్రెసర్, కొత్త డైనమో, క్లచ్ సెట్టు, నాలుగు షాకర్లు, వీటిలో దేన్నీ ముందే మార్చకండి. ఖరీదైనవి, చెప్పి పోయేవి. టర్బో ఈల వేస్తుంది, పొగ వదులుతుంది. ఇంజెక్టర్ పోతుంటే బండి వణుకుతుంది. షాకర్ ఆయిల్ కారుతుంది. క్లచ్ జారుతుందో లేదో చూడాలంటే ఎదుర్లంక వంతెన ఎక్కేటప్పుడు నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ దగ్గర పడింది, పెరిగితే ఇంకా ఉంది. డైనమోను కావాలంటే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర విప్పించి కార్బన్లు, బేరింగులు వేయించండి, కొత్తది కొన్నదాంట్లో చిన్న వంతు అవుతుంది. కంపెనీ నుంచి వచ్చిన మంచి పార్టును పనిచేస్తుండగా పీకి, ఏదో డబ్బాలోంచి తీసిన కొత్తది పెట్టడం వల్ల బండి నమ్మకం పెరగదు. చాలాసార్లు తగ్గుతుంది.

పార్టుల విషయంలో నేను రాజీ పడేది ఒకటే: కంపెనీ డబ్బాలోది దొరకకపోతే, ఆ కంపెనీకే సరఫరా చేసే తయారీదారుల డబ్బా తీసుకుంటాను. బెల్టులు, బేరింగులు, ఫిల్టర్లలో నకిలీలు చాలా ఉన్నాయి. సీలు వేసిన డబ్బా మీ ముందే తెరిపించండి, పాత దాని మీద నంబరుతో పోల్చండి, పాత పార్టు ఇంటికి తెచ్చుకోండి. విజయవాడ ఆటోనగర్ సెకండ్ హ్యాండ్ సరుకు తలుపులకు, అద్దాలకు, బంపర్లకు మంచిదే. రబ్బరు, బేరింగు, బ్రేకు మాత్రం ఎప్పుడూ పాతవి కొనకండి. అడుగున తుప్పు మీద నల్ల రంగు కొట్టించుకోమని ఎవరైనా అంటే, ముందు గీకి, కడిగి, బాగా ఆరాక అయితేనే ఒప్పుకోండి. తడి తుప్పు మీద రంగు వేస్తే లోపల ఇంకా త్వరగా తింటుంది. కడిగేది కూడా ఉప్పు బోరు నీళ్లతో కాదు, పంచాయతీ కుళాయి నీళ్లతో.

ఇంకో జాగ్రత్త. ఇవన్నీ ఒక్క రోజులో చేయించి, మర్నాడు హైవే ఎక్కకండి. కొత్త పార్టుల్లో పోయేవి మొదటి రోజుల్లోనే పోతుంటాయి, బిగింపులో లోపాలూ అప్పుడే బయటపడతాయి. సంక్రాంతికి ఇంకా రెండున్నర నెలలు ఉందన్నారు. ముందు బ్రేకులు, టైర్లు, బాల్ జాయింట్లు. రెండు వారాలు నాన్నగారు కాకినాడ తిరిగాక కూలింగ్ పని, బెల్ట్. హోసులు వేసిన తర్వాత ఇంజన్ నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక క్లిప్పులు మళ్లీ చూడాలి, చక్రం నట్లు వంద కిలోమీటర్లలోపు మళ్లీ బిగించాలి. భోగికి పది రోజుల ముందు నుంచి బండిని ఎవరి చేతా విప్పించకండి. వేసిన ప్రతి పార్టు మీద తెల్ల రంగుతో తేదీ రాయించండి, బ్యాటరీ మీద, కూలెంట్ డబ్బా మీద కూడా. డిపోలో నాకు అలవాటైంది అది. ఐదేళ్ల తర్వాత ఏ మెకానిక్ చూసినా ఊహించాల్సిన అవసరం ఉండదు.

నాన్నగారికి మూడు గుర్తులు నేర్పండి: వేడి ముల్లు, ఎర్ర ఆయిల్ లైటు, ఎర్ర బ్యాటరీ లైటు. వేడి ముల్లు సగం దాటి ఎక్కుతోందంటే ఏసీ ఆపి, వెంటనే పక్కకు తీయాలి, అరగంట దాకా మూత ముట్టుకోకూడదు. ఆయిల్ లైటు వెలిగితే అక్కడే ఇంజన్ ఆపేయాలి, ఊరు రెండు కిలోమీటర్లే ఉన్నా సరే. బ్యాటరీ లైటు వెలిగితే బెల్ట్ తెగిందేమో దిగి చూడాలి. అమ్మగారికి ఆలస్యమవుతుందన్న ఆందోళనలో మనిషి బండిని అలాగే తోసుకుపోతాడు. అందుకే కాకినాడ దారిలో ముమ్మిడివరంలోనో, యానాంలోనో తెలిసిన ట్యాక్సీ నంబరు ఒకటి ఆయన ఫోన్‌లో ఉంచండి. ఆపేయడానికి అప్పుడు ఆయనకు ధైర్యం ఉంటుంది.

నాకు మూడు వివరాలు కావాలి. టైర్ల మీది నాలుగంకెలు, కూలెంట్ డబ్బాలోని నీటి రంగు ఫోటో, రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మొదటి పది సెకన్ల శబ్దం. బానెట్ ఎత్తి ఫోన్ దగ్గర పెట్టి రికార్డ్ చేయమనండి. ఈ వారంలో పంపితే చైను సంగతి, మీ యాభై వేలు ఎక్కడెక్కడ పెట్టాలో వరస కూడా రాసి పెడతాను.